‘ఉజుమాకి’: విడివిడి కథలుగా ఉండటం దాని బలమా, బలహీనతా? (ముగింపు వివరాలున్నాయి)

కాటుకపిట్ట · శనివారం రాత్రి 9:48

జపాన్ రచయిత జుంజి ఇటో గీసిన భయానక బొమ్మలకథ ‘ఉజుమాకి’ మూడు సంపుటాలూ ఒకే అట్టలో వచ్చిన ఇంగ్లీషు ప్రతి కొనుక్కుని మూడు రాత్రుల్లో ముగించాను. 600 పేజీలు దాటిన పుస్తకం. రెండు రోజులైంది, ఇంకా ఒక అభిప్రాయానికి రాలేకపోతున్నా. చదవనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, చివరిదాకా జరిగేవన్నీ మాట్లాడుకుందాం.

చదివి చాలాకాలమైనవాళ్ళ కోసం: కురోజు-చో అనే చిన్న ఊరు, ఒకపక్క సముద్రం, ఒకపక్క కొండలు. ఆ ఊరికి సుడి పట్టుకుంటుంది. దయ్యం కాదు, హంతకుడు కాదు, ఒట్టి ఆకారం. కథ చెప్పేది కిరియే అనే హైస్కూలు అమ్మాయి. ఆమె స్నేహితుడు షూయిచి ఒక్కడే మొదటినుంచీ “ఇక్కణ్ణుంచి వెళ్ళిపోదాం” అంటుంటాడు. 1998-99లో జపాన్‌లో ‘బిగ్ కామిక్ స్పిరిట్స్’ వారపత్రికలో వచ్చింది.

మొదటి రెండు కథలకే నాకు ఊపిరాడలేదు. షూయిచి నాన్న గుండ్రటి చెక్క తొట్టెలో తనను తానే చుట్ట చుట్టుకుని చచ్చిపోతాడు. ఆ తర్వాత వాళ్ళమ్మ సుడి అంటే భయపడి, వేలి కొసల్లో గీతలుంటాయని వాటినే కత్తిరించుకుంటుంది. ఇంత జరిగాక మూడో కథలో కిరియే ఏమీ జరగనట్టు బడికి వెళ్తుంది. ప్రతి కథలో ఎవరో ఒకరు ఘోరంగా పోతారు, తర్వాతి కథలో వాళ్ళ పేరే ఎవరూ ఎత్తరు. ఆ పిల్ల మనసులో ఏదీ పేరుకోదా? నాకైతే ఇది పెద్ద లోటు. మీరేమంటారు?

పాతబీరువా · శనివారం రాత్రి 10:20

మంచి ప్రశ్న అడిగారు కాటుకపిట్ట గారూ. పత్రికలో వచ్చే బొమ్మలకథ అంటే మధ్యలో ఏ సంచిక కొన్నవాడికైనా అర్థం కావాలి, ఆ ముప్ఫై చిల్లర పేజీల్లోనే భయపెట్టి పంపాలి. అందుకే ప్రతిసారీ ఊరు మామూలుగా ఉండాలి, కిరియే మామూలుగా ఉండాలి. మనకిది కొత్తా? చందమామలో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళం. ప్రతి నెలా అదే శ్మశానం, అదే శవం, అదే మౌనం, అదే చెట్టు. విక్రమార్కుడికి విసుగెందుకు రాదని ఎవరం అడగలేదు.

ఆ చట్రం ఒకటి కదలకుండా ఉంటేనే లోపల ప్రతిసారీ కొత్త కథ పెట్టడానికి వీలవుతుంది. నా లెక్కలో అది బలమే.

కాటుకపిట్ట · శనివారం రాత్రి 10:41

బేతాళుడి పోలిక నాకూ తట్టింది సార్. కానీ అక్కడ మళ్ళీ మొదటికి రావడం కథలోని నియమం. రాజు నోరు విప్పితే శవం చెట్టెక్కుతుంది, అంతే. చదివేవాడికి ముందే తెలుసు, అదే సరదా. కురోజు-చోలో అలాంటి నియమం ఏదీ లేదు. కళ్ళముందు క్లాసు పిల్లాడు నత్త అయిపోతే, మర్నాడు జనం మూటాముల్లె సర్దుకోకుండా ఎలా ఉంటారు? రచయిత దానికి జవాబు చివరి భాగంలో ఇస్తాడు, అదీ ఊరు దాటే దారులన్నీ మూసుకుపోయాక. అప్పటిదాకా దారులు తెరిచే ఉన్నాయి కదా.

గీతలమనిషి · శనివారం రాత్రి 11:35

నేను బొమ్మలు వేసి బతికేవాణ్ణి. కథ సంగతి మీరు తేల్చండి, నేను పేజీ గురించి చెబుతా.

జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకి. ముందు కుడి పేజీ, తర్వాత ఎడమ పేజీ, ఎడమ పేజీ చివరి గడి దగ్గర తిప్పాలి. ఇటో ఆ చివరి గడిలో ఎప్పుడూ ఏమీ చూపించడు. ఒక మొహం ఉంటుంది, కళ్ళు పెద్దవై దేన్నో చూస్తుంటాయి. దేన్ని చూస్తున్నాయో మనకు తెలియదు. తిప్పుతాం. కుడి పేజీ నిండా అది. తిప్పింది మన చెయ్యే కాబట్టి తప్పు మనదే అనిపిస్తుంది. సినిమాలో భయం దానంతటదే వచ్చి మీద పడుతుంది. ఇక్కడ మనం చేత్తో తెరుచుకుంటున్నాం. ఫోన్‌లో పైనుంచి కిందికి జరుపుకుంటూ చదివినవాళ్ళకు ఇది సగం కూడా అందదు. నేను మొదటిసారి అలాగే చదివి “ఏముంది ఇందులో” అనుకున్నా. కాగితం మీద చదివాక నా మాట వెనక్కి తీసుకున్నా.

రెండోది గీత. ఈయన బొమ్మలకథల్లోకి రాకముందు దంతాల ల్యాబులో పనిచేసేవాడు. ఆ పని చేసిన చెయ్యి అని తెలిసిపోతుంది. కిరియే మొహం మీద దాదాపు గీతలే ఉండవు, తెల్లగా, శుభ్రంగా. ఘోరం ఉన్న గడిలో మాత్రం సన్నగీతలు వందల కొద్దీ, ఒకదాని పక్కన ఒకటి, నల్లటి సిరా దట్టంగా. కన్ను దానంతటదే ఆ గీతల వెంట లోపలికి తిరుగుతుంది. సుడిని చూసేవాడు సుడిలో పడతాడన్నది ఈ కథ విషయం. అది మాటల్లో చెప్పకుండా మన కంటి మీదే చేసి చూపించాడు.

కథలు విడివిడిగా ఉండటం కూడా ఇందుకే నాకు నచ్చుతుంది. ప్రతి కథలో ఆయన చెయ్యి ఒక కొత్త లెక్క చేసింది. ఒకసారి జుట్టు, ఒకసారి మట్టి, ఒకసారి పొగ, ఒకసారి చెవి లోపలి ఎముక. ఒకే కథగా సాగదీసి ఉంటే ఈ వైవిధ్యం వచ్చేది కాదు.

రాత్రిడ్యూటీ · ఆదివారం ఉదయం 6:15

డ్యూటీ దిగి బస్సులో కూర్చుని చదివాను మీ మాటలన్నీ. నేను ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుని. పదో, పదకొండో కథలు ఆసుపత్రివి. లైట్‌హౌస్‌లో కాలిన గాయాలతో కిరియే అక్కడ చేరుతుంది, అదే వార్డులో గర్భిణులు, బయట దోమలు. ఆ ఆడవాళ్ళు రాత్రిళ్ళు చేతి డ్రిల్లు పట్టుకుని బయల్దేరతారు. దోమల్లో రక్తం తాగేది ఆడదే, గుడ్ల కోసం. ఆ చిన్న నిజం పట్టుకుని కథంతా కట్టాడు.

భయపెట్టింది డ్రిల్లు కాదు నన్ను. పుట్టిన పిల్లలు “లోపలే బాగుంది, మళ్ళీ అక్కడికే వెళ్ళాలి” అనుకోవడం. మేము రోజూ చూసే మొదటి ఏడుపు ఉంది చూడండి, ఒళ్ళంతా ఎర్రబడి, పిడికిళ్ళు బిగించి. దాన్ని మేం ఆరోగ్యం అంటాం. ఆ కథ చదివాక ఒక రాత్రి ఒక బిడ్డను తూకం వేస్తూ, వీడికి నిజంగా రావాలనుందా అని ఒక్క క్షణం చేతులు ఆగాయి. అంత లోపలికి వెళ్ళింది.

కాటుకపిట్ట గారి ప్రశ్నకి నా జవాబు: ఆ వార్డులోంచి బయటపడ్డ మనిషి మళ్ళీ మామూలుగా బతకలేదు. నేను చూశాను, దానికంటే చాలా చిన్నవాటికే మనుషులు నెలల తరబడి నిద్రపోరు. కిరియే నిద్రపోతుంది. అది నాకు నచ్చలేదు.

వేపచెట్టు_నీడ · ఆదివారం ఉదయం 9:30

దోమల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, చుట్టలా ఉండే దోమలబత్తి పుట్టిందే జపాన్‌లో. మనం రోజూ మంచం కింద వెలిగించేది. ఇంట్లో సుడి లేని చోటు లేదని ఈ పుస్తకం చదివాకే తెలిసింది. పండక్కి మా అమ్మ జంతికలు వత్తుతుంటే గొట్టం కింద పిండి చుట్టలు చుట్టలుగా దిగడం చూడలేక పక్కగదిలోకి వెళ్ళిపోయా. మనకు ‘సుడి’ అంటే అదృష్టం కూడా. ఫలానావాడికి సుడి ఉందంటాం, చంటిపిల్లల తలమీద సుడులు లెక్కపెట్టి, రెండుంటే రెండు పెళ్ళిళ్ళంటాం. ఇంత మంచి మాటని ఇలా చదవాల్సి వచ్చింది.

ఇటో ఒకచోట చెప్పింది: జపాన్ హాస్యపు బొమ్మల్లో బుగ్గల మీద సుడి వేస్తారు, వెచ్చగా, నవ్వు పుట్టేలా ఉంటుంది, దాన్నే భయంగా వేస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాడట. అది చాలు నాకు. రోజూ చూసే వస్తువుని శత్రువు చేశాడు.

మధ్యాహ్నరాగం · ఆదివారం మధ్యాహ్నం 1:05

అందరూ మెచ్చుకుంటున్నారు, నేను కొంచెం గట్టిగానే మాట్లాడతా, ఏమీ అనుకోకండి.

కథలన్నీ ఒక స్థాయిలో లేవు. స్ప్రింగు కుర్రాడి కథ తీసుకోండి, కిరియే వెంటపడి, కారు కింద పడి, సమాధిలోంచి ఎగురుతూ లేస్తాడు. అందులో సుడి అంటే ఒక వస్తువు మాత్రమే, మనిషిలో ఉన్నదేదీ అందులోకి రాలేదు. షూయిచి నాన్న కథలో అలా కాదు. ఆయనకు ముందు ఇష్టం, ఆ తర్వాత పిచ్చి, ఆ తర్వాత తనే అది అయిపోవడం. మెట్టుమెట్టుకీ ఒక మనిషి కనిపిస్తాడు. విడివిడి కథల సంపుటిలో బలహీనమైన కథ ఒకటి పడితే దాన్ని మోయడానికి పక్కవాళ్ళెవరూ ఉండరు. అదీ ఈ పద్ధతి లోటు.

ఇంకొకటి, ఆడపిల్లల సంగతి. అజామి నుదుటి మీద మచ్చ ఉంది, మగపిల్లలు తన చుట్టూ తిరగడం ఆమెకు ఇష్టం, అందుకు శిక్ష. క్యోకోకి అందరూ తననే చూడాలని ఆశ, అందుకు జుట్టు ప్రాణం పీల్చేస్తుంది. అదే మగవాళ్ళకు వచ్చేసరికి కుండలు చేసే కిరియే నాన్నకి కళ, షూయిచి నాన్నకి ఆరాధన. విడివిడిగా చదివితే పట్టుబడదు, వరసగా చదివితే కనబడుతుంది.

గీతలమనిషి · ఆదివారం మధ్యాహ్నం 2:22

స్ప్రింగు కథ విషయంలో మీతో ఏకీభవిస్తున్నా అక్కా. అజామి విషయంలో మాత్రం కాదు. నుదుటి మచ్చ సుడిగా పెరిగి ఆమె కంటినే లోపలికి లాక్కునే పేజీలో నాకు శిక్ష కనబడలేదు, జాలి కనబడింది. ఆమె ఎవరిని లాక్కోవాలనుకుందో ఆ షూయిచి ఒక్కడే రాలేదు. చివరికి తననే మింగేసుకుంటుంది.

మధ్యాహ్నరాగం · ఆదివారం మధ్యాహ్నం 2:50

జాలి ఉంది, కాదనను. కానీ జాలిపడే పాత్రలన్నీ ఆడపిల్లలే కావడం నేనంటున్నది. సరే, ఇంకోసారి చదువుతా.

పాతబీరువా · ఆదివారం సాయంత్రం 5:10

‘పూర్తిగా విడివిడి’ అనడం కూడా సరికాదేమో. మళ్ళీ తిరగేశాను. షూయిచి నాన్నని దహనం చేసినప్పుడు పొగ సుడి తిరిగి, ఆకాశంలోకి పోకుండా ఊరి నడుమ ఉన్న తూనీగల చెరువులోకి దిగుతుంది. తర్వాత కిరియే నాన్న కుండలకు మట్టి తెచ్చేది ఆ చెరువు నుంచే. కాల్చిన కుండల మీద మొహాలు తేలతాయి. అంటే చనిపోయినవాళ్ళని కిరియే మరిచిపోయినా ఊరు మరిచిపోలేదు. మట్టిలో దాచుకుంది. అయిదో కథలో రెండు పేద కుటుంబాలు వరుస ఇళ్ళలో ఉంటాయి, వాళ్ళ పిల్లలిద్దరూ ప్రేమించుకుని పాముల్లా పెనవేసుకుని సముద్రంలోకి పోతారు. ఆ పాత వరుస ఇళ్ళే చివర్లో సుడిగాలులకు తట్టుకుని నిలబడతాయి, జనమంతా వాటిలోకే దూరుతుంది, వాటినే పెంచుకుంటూ పోయి ఊరంతా ఒకే సుడి అవుతుంది. ఇటోకి మొదట తట్టింది సుడి కాదట, పొడవాటి వరుస ఇంట్లో ఉండే జనం కథ. ఆ ఇంటిని ఎంత పొడవు సాగదీయాలా అని చూస్తుంటే చుట్ట చుట్టడం తోచిందట.

జ్ఞాపకం ఉండేది మనిషికి కాదు, స్థలానికి. దీన్ని కిరియే కథ అనుకుని చదివితే లోటు కనిపిస్తుంది. ఊరి కథ అనుకుని చదవండి.

కాటుకపిట్ట · ఆదివారం సాయంత్రం 6:02

ఈ మాట దగ్గర ఆగిపోయాను. పొగ, మట్టి కలుపుకోలేదు నేను. మరయితే ఇదంతా చెబుతున్నది కిరియే కదా సార్? ఊరి కథని ఆ ఊరే చెప్పొచ్చుగా?

తెల్లకాగితం · ఆదివారం సాయంత్రం 7:15

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా తమ్ముడు తొమ్మిదో తరగతి, అనిమేలన్నీ (జపాన్ యానిమేషన్) చూస్తాడు, ఇది కావాలంటున్నాడు. ఇవ్వొచ్చా?

రాత్రిడ్యూటీ · ఆదివారం సాయంత్రం 7:40

ఇప్పుడే వద్దు తల్లీ. షూయిచి అమ్మ చెవి కథ, ఆసుపత్రి కథలు ఆ వయసుకి మంచివి కావు. రెండుమూడేళ్ళు ఆగి ఇవ్వు, పక్కన నువ్వూ చదువు.

నాలుగోగోడ · ఆదివారం రాత్రి 9:18

ఈ పుస్తకం మీద వచ్చిన అనిమే మాట ఎవరూ ఎత్తలేదు. విడివిడి కథలు బలమా కాదా అన్నదానికి నా దృష్టిలో అదే పెద్ద రుజువు.

2019లో ప్రకటించారు, 2024 సెప్టెంబరు చివర్లో మొదలై అక్టోబరులో ముగిసింది. నాలుగే భాగాలు. నలుపు తెలుపులో, ఇటో గీతని కదిలించి చూపించాలని పెట్టుకున్నారు. మొదటి భాగం చూసి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. కాలిన్ స్టెట్సన్ సంగీతం గుండెలో గుచ్చుకునే ఊదుడు. రెండో భాగానికి బొమ్మ నాణ్యత పడిపోయింది, అది అందరూ అన్నదే. కానీ నా బాధ వేరు. నాలుగు భాగాల్లో పట్టించాలని కథలన్నీ ఒకదానిలోకి ఒకటి జొప్పించారు. ఒకడు నత్త అవుతున్నప్పుడే ఇంకోచోట జుట్టు లేస్తోంది. దేనికీ చోటు లేదు. పుస్తకంలో నత్త కథకి ఉన్న నెమ్మది ఏది? వానరోజే బడికొచ్చే కతయామా, ఒళ్ళంతా తడి, మెల్లగా నడక, పిల్లలు ఏడిపిస్తే వీపు మీద సుడి కనబడటం. మనం కూడా వాన కోసం ఎదురుచూస్తాం. ఆ తర్వాత వాణ్ణి ఏడిపించినవాడే నత్త కావడం, ఇద్దరూ జతకట్టడం, గుడ్లని కాలితో తొక్కేసిన మాస్టారు తనే నత్త కావడం. ఇదంతా ఒక్క కథగా, చుట్టూ ఖాళీతో ఉంది కాబట్టే పనిచేసింది. అనిమేలో కలిపేసరికి కిరియే మనసుకి కొత్తగా ఏమీ రాలేదు, కథల ఊపిరి మాత్రం పోయింది.

కాబట్టి కాటుకపిట్ట గారూ, మీరు కోరుకున్నట్టు అతికిస్తే బాగుపడుతుందని నేననుకోను.

మధ్యాహ్నరాగం · ఆదివారం రాత్రి 9:55

చెడ్డగా అతికిస్తే బాగుండదు, అంతే. ఇటో ‘టోమియే’ చూడండి, 1987లో మొదలైంది. అందులోనూ కథలు విడివిడిగానే ఉంటాయి. కానీ చంపినా ముక్కల్లోంచి మళ్ళీ పుట్టేదే టోమియే. మొదటికి రావడమే అక్కడ భయం. కిరియేకి అలాంటిదేదీ ఇవ్వలేదు.

పాతబీరువా · ఆదివారం రాత్రి 10:30

ఇచ్చాడేమో చూడండి. ఇందాక కాటుకపిట్ట గారు అడిగినదానికీ ఇదే నా జవాబు. మొదటి పేజీ నుంచీ కిరియే జరిగిపోయినట్టు చెబుతుంది, మా ఊళ్ళో వింతలు జరిగాయని. ఎక్కడ కూర్చుని చెబుతోంది? చివర్లో ఊరి కింద ఉన్న రాతి నగరంలోకి దిగి, షూయిచితో పెనవేసుకుపోతుంది. సుడి నడిమధ్యలో కాలం ఆగిపోతుంది, శాపం మొదలైన క్షణం, ముగిసిన క్షణం ఒక్కటే అంటుంది. అంటే ఈ కథలన్నీ ఆమె అక్కడ పడుకుని చెబుతున్నవి. కాలం లేనిచోట నిన్న, మొన్న ఉండవు. అందుకే ఒక కథ బాధ ఇంకో కథలోకి రాదు. అందుకే ఆ చప్పని గొంతు.

రాత్రిడ్యూటీ · సోమవారం ఉదయం 6:20

అందంగా ఉంది సార్ మీ మాట. కానీ అది మీ ప్రేమ రాసుకున్నది. ఆసుపత్రి కథ రాసేటప్పుడు ఇటో దాన్ని మనసులో పెట్టుకున్నాడని నాకు నమ్మకం కలగలేదు. పెట్టుకుని ఉంటే ఆ వార్డులో ఒక్క గడిలోనైనా ఆమె మొహంలో తెలిసేది. గీతలమనిషి గారు చెప్పినట్టు ఆమె మొహం మీద గీతలే లేవు.

గీతలమనిషి · సోమవారం ఉదయం 8:04

చివరి పేజీల్లోనూ లేవమ్మా. షూయిచితో పెనవేసుకుపోయిన బొమ్మలో ఒళ్ళు తాడులా మెలితిరిగింది, మొహం మాత్రం మొదటి పేజీలో ఉన్నంత తెల్లగా, ప్రశాంతంగా ఉంది. అది మరిచిపోవడమో, ఒప్పుకోవడమో ఇన్నేళ్ళుగా నాకూ తేలలేదు.

కాటుకపిట్ట · సోమవారం రాత్రి 10:50

ఆఫీసు నుంచి వచ్చి మళ్ళీ మొదటి కథ తీశాను, ఈసారి పేజీ పేజీకి ఆగి. కిరియే గురించి నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ఆ ఆసుపత్రి తర్వాత కనీసం ఒక్క పేజీ ఆమెకు దక్కాల్సింది, రాత్రిడ్యూటీ గారి పక్షమే నేను.

కానీ ఒకటి చూశాను. పుస్తకం మొదట్లో కిరియే నడిచి వస్తుంటే సందులో షూయిచి నాన్న గోడవైపు తిరిగి గొంతుకూర్చుని ఉంటాడు. పలకరిస్తుంది, పలకడు. ఆయన కళ్ళార్పకుండా చూస్తున్నదేమిటో మొదటిసారి పట్టించుకోకుండా పేజీ తిప్పేశాను. గోడమీద ఒక నత్త.